తలుపుల కింద ఉక్కు కవచం: ఆఫ్‌రోడ్ వాహనానికి సైడ్ రైల్స్ ఇంటి వద్ద అమర్చుకోవడం ఎలా?

రాళ్లు పరచుకున్న దారిలో వాహనం ముందు చక్రం ఒక బండను ఎక్కి దిగుతుంది. ఆ మరుక్షణం ఆ బండ సరిగ్గా తలుపుల కిందకు వస్తుంది. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య ఉన్న ఆ భాగంలో దెబ్బను తీసుకోవడానికి టైరు లేదు, స్ప్రింగు లేదు. అక్కడ ఉన్నది పలుచని రేకు మాత్రమే. ఆ రేకు ఒకసారి లోపలికి నొక్కుకుపోతే తలుపు సరిగా మూసుకోదు, రంగు లేచిన చోట తుప్పు మొదలవుతుంది. ఇంటి గడపలా తలుపుల కింద ఉండే ఈ భాగం వాహన శరీరపు దృఢత్వంలో పాలు పంచుకుంటుంది కాబట్టి, దాన్ని సరిచేయడం డెంటింగ్, పెయింటింగ్‌తో ముగిసే పని కాదు.

ఈ నష్టాన్ని నివారించేందుకు వాడేవే రక్షక సైడ్ రైల్స్. ఆఫ్‌రోడ్ ప్రియులు వీటిని రాక్ స్లైడర్లు అంటారు. బోల్టులతో బిగించే రకాన్ని సరైన పనిముట్లు ఉన్నవారు ఇంటి వద్దనే అమర్చుకోవచ్చు. అయితే ఈ పనిలో బోల్టు బిగించడం కన్నా ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. రాయి మీద వాలిన వాహనపు బరువు ఆ రైలు ద్వారా ఎక్కడికి చేరుతుంది? రైలు ఎంపిక, అమరిక, పరీక్ష అన్నీ ఈ ప్రశ్నకు వచ్చే సమాధానం మీదే ఆధారపడతాయి.

పొడవు పెరిగితే ముప్పు పెరుగుతుంది

వాహనం నేలకు ఎంత ఎత్తులో ఉందన్న లెక్కను అందరూ చూస్తారు. మధ్యభాగం విషయంలో చక్రాల నడుమ దూరం కూడా అంతే ముఖ్యం. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం పెరిగేకొద్దీ ఒక దిబ్బను దాటేటప్పుడు పొట్ట నేలకు తగిలే అవకాశం పెరుగుతుంది. దిబ్బను తగలకుండా దాటగల సామర్థ్యాన్ని బ్రేకోవర్ కోణంతో కొలుస్తారు. ఆ కోణం ఎంత ఎక్కువైతే వాహనానికి అంత మేలు.

మహీంద్రా థార్ మూడు తలుపుల నమూనాలో చక్రాల మధ్య దూరం 2,450 మిల్లీమీటర్లు, బ్రేకోవర్ కోణం 27 డిగ్రీలు. అదే కుటుంబానికి చెందిన అయిదు తలుపుల థార్ రాక్స్‌లో దూరం 2,850 మిల్లీమీటర్లకు పెరిగింది, కోణం 23.9 డిగ్రీలకు తగ్గింది. భారత విపణిలోని అయిదు తలుపుల మారుతి జిమ్నీలో దూరం 2,590 మిల్లీమీటర్లు, కోణం 24 డిగ్రీలు. కుటుంబ ప్రయాణానికి వీలుగా వాహనాలను పొడిగించిన కొద్దీ తలుపుల కింది భాగానికి రాయి తగిలే అవకాశం పెరిగింది. సైడ్ రైల్స్ అవసరం ఇప్పుడు ఎక్కువగా చర్చకు రావడానికి ఇదొక కారణం.

పేరు ఒకటే, పని వేరు

దుకాణాల్లో సైడ్ స్టెప్, ఫుట్‌బోర్డ్, సైడ్ గార్డ్, రాక్ స్లైడర్ అన్న పేర్లను ఒకదానికి బదులు ఒకటిగా వాడేస్తుంటారు. చూడటానికీ అన్నీ ఒకేలా కనిపిస్తాయి. తలుపుల కింద నల్లని గొట్టం, దాని మీద పాదం పెట్టుకునే పలక. కొనేవారు మోసపోయేది ఇక్కడే.

సైడ్ స్టెప్ మనిషి ఎక్కి దిగడానికి ఉద్దేశించినది. అది వంద, నూటయాభై కిలోల బరువును పైనుంచి కిందికి మోస్తే చాలు. రాక్ స్లైడర్ పని దీనికి పూర్తిగా భిన్నం. అది వాహనం బరువును కిందినుంచి పైకి మోయాలి, పక్కనుంచి వచ్చే తాకిడిని ఆపాలి, రాయి మీద వాహనం ముందుకు జారిపోయేలా నునుపుగా ఉండాలి. సైడ్ స్టెప్‌ను బండకేసి కొడితే దాని పలుచని బ్రాకెట్లు వంగి, గొట్టం పైకి లేచి, తాను కాపాడాల్సిన రేకునే నొక్కుతుంది. రక్షణ ఉందన్న ధీమాతో డ్రైవరు రాయి మీదకు నడిపిస్తాడు కనుక, ఇలాంటి నకిలీ కవచం కన్నా అసలు ఏమీ లేకపోవడమే నయం.

బరువు వెళ్లే దారి

థార్, థార్ రాక్స్, జిమ్నీ, ఫోర్స్ గూర్ఖా వంటి వాహనాలకు నిచ్చెన ఆకారంలో ప్రత్యేక ఛాసిస్ ఉంటుంది. ఇంజను, యాక్సిల్స్ దానికి అమర్చి ఉంటాయి. మనుషులు కూర్చునే పైభాగం రబ్బరు దిమ్మెల మీద దానిపై కూర్చుంటుంది. అసలైన స్లైడర్ ఈ ఛాసిస్‌కు మాత్రమే బిగుస్తుంది. రాయి తగిలినప్పుడు బరువు రైలు నుంచి బ్రాకెట్లకు, బ్రాకెట్ల నుంచి ఛాసిస్‌కు వెళ్లిపోతుంది. తలుపుల కింది రేకు దాకా చేరదు.

ఇక్కడ తరాజు సూత్రం పనిచేస్తుంది. జిమ్నీ ఖాళీ బరువు సుమారు 1,200 కిలోలు. అది ఒక పక్కకు వాలి, అందులో సగం, అంటే 600 కిలోలు రైలు మీద పడిందనుకుందాం. రైలు ఛాసిస్ నుంచి 30 సెంటీమీటర్లు బయటకు ఉంటే, బ్రాకెట్ల మొదట్లో పడే మెలి ఒత్తిడి మీటరు దూరంలో 180 కిలోలు వేలాడదీసినదానికి సమానం. అది నిలకడగా ఉన్న బరువు లెక్క మాత్రమే. వాహనం కాస్త ఎత్తు నుంచి దిగి రాయికి కొట్టుకుంటే ఈ ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఒక్కో పక్క కనీసం మూడు బ్రాకెట్లు, వాటి మొదట్లో వెడల్పైన పలకలు ఉండాలని అనుభవజ్ఞులు పట్టుబట్టేది ఇందుకే.

విడిగా ఛాసిస్ లేకుండా శరీరం మొత్తం ఒకే నిర్మాణంగా ఉండే వాహనాలు మన రోడ్ల మీద ఎక్కువ. నగర వినియోగానికి ఉద్దేశించిన పలు ఎస్‌యూవీలు ఈ కోవలోనివే. వీటిలో స్లైడర్‌ను పట్టి ఉంచే ఛాసిస్ పట్టీ తలుపుల వెనుక ఉండదు. ఇలాంటి వాహనాలకు ఇంటి వద్ద స్లైడర్ బిగించే ఆలోచన మానుకోవడమే ఉత్తమం.

కొనేముందు చూడాల్సినవి

మొదటిది గొట్టం. నీటి సరఫరాకు వాడే పైపులకు భారతీయ ప్రమాణం ఐఎస్ 1239. వాహనాల కోసం తయారయ్యే ఉక్కు గొట్టాలకు వేరుగా ఐఎస్ 3074 ప్రమాణం ఉంది. స్థానిక వెల్డింగ్ షాపుల్లో తక్కువ ధరకు చేసే రైళ్లలో నీటి పైపు వాడే అవకాశం ఉంటుంది కాబట్టి, ఏ గొట్టం వాడుతున్నారో అడగడం కొనుగోలుదారు హక్కు. గొట్టం గోడ మందం కనీసం మూడు మిల్లీమీటర్లు, బ్రాకెట్ల పలకలు అయిదు మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉంటే మేలు. వెల్డింగ్ అతుకు గొట్టం చుట్టూ తెగకుండా సాగాలి. చుక్కలు చుక్కలుగా అతికినదాన్ని తీసుకోకూడదు.

రెండోది బోల్టు. బోల్టు తలమీద 8.8, 10.9 వంటి అంకెలు ముద్రించి ఉంటాయి. 8.8లో మొదటి అంకెను వందతో గుణిస్తే తెగిపోయే ముందు అది తట్టుకోగల తన్యత 800 మెగాపాస్కల్స్ అని తెలుస్తుంది. చుక్క తర్వాతి అంకె, అందులో 80 శాతం దాటితే, అంటే 640 మెగాపాస్కల్స్ దగ్గర బోల్టు శాశ్వతంగా సాగడం మొదలవుతుందని చెబుతుంది. ఏ ముద్రా లేని సాధారణ బోల్టులను ఈ పనికి వాడరాదు. మెరుపు చూసి స్టెయిన్‌లెస్ బోల్టులను ఎంచుకోవడం కూడా పొరపాటే. సాధారణంగా దొరికే స్టెయిన్‌లెస్ బోల్టుల బలం 8.8 కన్నా తక్కువ.

మూడోది బరువు. జిమ్నీకి అనుమతించిన మొత్తం బరువు 1,545 కిలోలు. ఖాళీ బరువు తీసేస్తే మనుషులకు, సామానుకు మిగిలేది సుమారు 335 కిలోలు. ఒక్కొక్కరు 70 కిలోల చొప్పున నలుగురు కూర్చుంటే 280 కిలోలు అందులోనే పోతాయి. మిగిలిన 55 కిలోల్లో రైళ్ల జత 35 నుంచి 40 కిలోలు తినేస్తే సామానుకు చోటు దాదాపు ఉండదు. బలమైన రైలు కావాలి కానీ, బరువైన రైలు అంతా బలమైనది కాదు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనంలో చేసే మార్పులను నియంత్రిస్తుంది. వాహనపు మౌలిక లక్షణాన్ని మార్చేలా నిర్మాణంలో చేసే మార్పును ఆ సెక్షన్ పరిగణనలోకి తీసుకుంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళకు చెందిన ఒక కేసులో, తయారీదారు ఇచ్చిన అసలు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని తీర్పు చెప్పింది. అదే ఏడాది చేసిన చట్ట సవరణతో చేరిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

అంతకుముందు 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ వాహనాలకు బిగించే క్రాష్ గార్డులు, బుల్ బార్లపై చర్య తీసుకోవాలని రాష్ట్రాలను కోరింది. పాదచారులకు, వాహనంలోని వారికి వాటివల్ల ప్రమాదం ఉందన్నది అందుకు కారణం. ఆ చర్చ ప్రధానంగా వాహనం ముందు భాగానికి సంబంధించినదే అయినా, పక్కనుంచి పొడుచుకువచ్చిన రైలు ద్విచక్ర వాహనదారుడి కాలికి తగిలే ప్రమాదాన్ని కాదనలేం.

కాబట్టి ఆచరణలో కొన్ని జాగ్రత్తలు అవసరం. తయారీదారు ఆమోదించిన ఉపకరణం ఉంటే దాన్నే ఎంచుకోవాలి. రైలు చక్రాల వెడల్పును దాటి బయటకు రాకూడదు. ఛాసిస్‌కు కొత్తగా రంధ్రం చేయకుండా, ఉన్న రంధ్రాలకే బిగుసుకునే రకాన్ని చూసుకోవాలి. స్థానిక ఆర్టీఓ కార్యాలయాన్ని ముందుగా సంప్రదించడం, బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయడం, వారంటీ షరతులు చదువుకోవడం తర్వాతి వివాదాలను తప్పిస్తాయి.

పనిలోకి దిగే ముందు

ఈ పనిలో అసలైన ప్రమాదం వాహనానికి కాదు, దాని కింద పడుకునే మనిషికి. నేలకు 210 మిల్లీమీటర్లకు పైగా ఎత్తు ఉండే వాహనాల్లో చాలాసార్లు జాకీతో పని లేకుండానే, చక్రాలు నేలపై ఉండగానే, పక్కనుంచి చేయి పెట్టి రైలు బిగించవచ్చు. అదే అన్నిటికన్నా సురక్షితమైన పద్ధతి.

లేపక తప్పదనుకుంటే సిమెంటు చేసిన సమతలమైన నేల కావాలి. మట్టి నేల, అపార్టుమెంటు ర్యాంపు వాలు పనికిరావు. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో ఉంచి, నేలపై ఉన్న చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మెలు పెట్టాలి. వాహనంతో వచ్చే జాకీ చక్రం మార్చడానికి మాత్రమే. దాని మీద నిలిచిన వాహనం కిందకు తల, చేయి పెట్టకూడదు. బరువును జాకీ నుంచి తప్పించి, తయారీదారు సూచించిన చోట్ల స్టాండ్ల మీదకు దించాకే పని మొదలుపెట్టాలి. ఇటుకలు, సిమెంటు బోలు దిమ్మెలను స్టాండ్లుగా వాడటం ప్రాణాంతకం. అవి ముందస్తు సూచన ఏదీ ఇవ్వకుండా ఒక్కసారిగా పగిలిపోతాయి.

ఒక్కో రైలు 15 నుంచి 20 కిలోలు ఉంటుంది. పొడవు కూడా ఎక్కువ కనుక ఇద్దరు మనుషులు తప్పనిసరి. సాకెట్ పానాల సెట్టు, టార్క్ రెంచి, వైరు బ్రష్, తుప్పు వదిలించే ఆయిల్, జింక్ ప్రైమర్, కళ్లద్దాలు, చేతి తొడుగులు దగ్గర ఉంచుకోవాలి. కిట్‌లో వచ్చిన బోల్టులు, వాషర్లు, బ్రాకెట్లను నేలపై పరచి, సూచనల కాగితంతో సరిచూసుకోవాలి. ఎడమ, కుడి బ్రాకెట్లు ఒకేలా కనిపించినా వేరు వేరుగా ఉంటాయి.

అమరిక క్రమం

ముందుగా ఛాసిస్ బయటి, లోపలి పక్కలను టార్చి వేసి చూడాలి. బ్రేక్ గొట్టాలు, ఇంధన గొట్టాలు, వైర్ల కట్టలు ఛాసిస్ వెంబడే వెళ్తాయి. ఒక పక్క వేడి సైలెన్సర్ గొట్టం ఉంటుంది. బ్రాకెట్ వచ్చే చోట వీటిలో ఏదైనా నలిగేలా ఉంటే అక్కడితో ఆగాలి. గొట్టాన్ని బలవంతంగా పక్కకు వంచి బ్రాకెట్ పట్టించడం బ్రేకులు విఫలం కావడానికి, మంటలు చెలరేగడానికి దారితీస్తుంది.

తర్వాత బ్రాకెట్ కూర్చునే చోట బురద, తుప్పు తొలగించాలి. మట్టి పొర మీద బిగించిన బ్రాకెట్ తొలి ప్రయాణంలోనే వదులవుతుంది. ఛాసిస్‌లో మరలు ఉన్న రంధ్రాలుంటే వాటిలో ఆయిల్ చల్లి, బోల్టును చేత్తో తిప్పి చూడాలి. ఎం10 బోల్టుల్లోనే మరల ఎడం 1.5, 1.25 మిల్లీమీటర్లుగా రెండు రకాలు సాధారణంగా దొరుకుతాయి. రెండు మూడు చుట్ల తర్వాత బిగుసుకుపోతే మర సరిపడలేదని అర్థం. అప్పుడు పానాతో బలం ప్రయోగిస్తే ఛాసిస్ మరలే చెడిపోతాయి.

ఆ తర్వాత రైలును ఒకరు రెండు చివరల దగ్గర, లేదా కింద చెక్క దిమ్మెలు పేర్చి ఎత్తి పట్టాలి. మరొకరు నడి బ్రాకెట్ బోల్టును ముందుగా ఎక్కించి, తర్వాత ముందు, వెనుక బ్రాకెట్ల బోల్టులు ఎక్కించాలి. ఈ దశలో అన్నిటినీ చేతి బిగుతుతోనే వదలాలి. ఒకదాన్ని పూర్తిగా బిగించేస్తే మిగతా రంధ్రాలు ఎదురుబొదురుగా రావు.

అన్నీ ఎక్కాక రైలుకూ గడప రేకుకూ మధ్య ఖాళీని ముందు, నడుమ, వెనుక కొలవాలి. ఛాసిస్‌కూ పైభాగానికీ మధ్య రబ్బరు దిమ్మెలు ఉండటం వల్ల వాహనం మెలితిరిగినప్పుడు ఆ రెండూ ఒకదానికొకటి కదులుతాయి. కాబట్టి ఖాళీ పది నుంచి పదిహేను మిల్లీమీటర్లయినా ఉండాలి. ఖాళీ చూడటానికి బాగుండదని రైలును రేకుకు ఆనిస్తే, ప్రతి గుంతలోనూ రైలే రేకును కొడుతుంది.

చివరగా బోల్టులను నడుమ నుంచి చివరలకు, రెండు మూడు విడతల్లో బిగించాలి. కిట్ తయారీదారు చెప్పిన టార్క్ అంకెనే పాటించాలి. అవగాహన కోసం చెప్పాలంటే, 8.8 రకం ఎం10 బోల్టుకు సాధారణంగా 45 నుంచి 50 న్యూటన్ మీటర్లు, ఎం12కు 80 నుంచి 85 న్యూటన్ మీటర్ల స్థాయిలో ఉంటుంది. మరలకు ఆయిల్ లేదా గ్రీజు రాస్తే రాపిడి తగ్గి, అదే టార్క్‌కు బోల్టు ఎక్కువ సాగుతుంది. పొడవాటి పైపు తగిలించి శక్తికొద్దీ బిగించడం బలం కాదు. బోల్టు సాగే హద్దు దాటితే దాని పట్టు పోతుంది. బిగించిన ప్రతి బోల్టు తల మీదుగా బ్రాకెట్ వరకు పెయింటుతో ఒక గీత గీస్తే, తర్వాత అది వదులైందో లేదో చూపుతోనే తెలుస్తుంది.

రాయి కన్నా ముందు జాకీతో పరీక్ష

రైలు పనికొస్తుందా లేదా అన్నది కొండదారిలో తేల్చుకోవాల్సిన విషయం కాదు. సమతల నేల మీద, చక్రాలకు దిమ్మెలు పెట్టి, రైలు నడుమ భాగం కింద బాటిల్ జాకీ ఉంచి నెమ్మదిగా లేపాలి. అంతకుముందు కొలిచిన ఖాళీని మళ్లీ కొలవాలి. వాహనం ఆ పక్క పైకి లేస్తున్నా ఖాళీ రెండు మూడు మిల్లీమీటర్లకు మించి తగ్గకపోతే, బరువు ఛాసిస్‌కు చేరుతున్నట్లే. ఖాళీ వేగంగా మూసుకుపోతుంటే బ్రాకెట్లు వంగుతున్నాయని అర్థం. అది పాదం పెట్టుకోవడానికే తప్ప రాయి మీద వాల్చడానికి పనికిరాదు. పరీక్ష జరుగుతున్నంత సేపూ వాహనం కింద ఎవరూ ఉండకూడదు. జాకీ దించాక తలుపులన్నీ తెరిచి మూసి చూడాలి.

తొలి వంద కిలోమీటర్ల తర్వాత, ఆపై ప్రతి ఆఫ్‌రోడ్ ప్రయాణం తర్వాత బోల్టుల గీతలు చూడాలి, టార్క్ సరిచేయాలి. గొట్టం లోపల చేరిన బురద నీరు బయటకు పోయేలా కింద చిన్న రంధ్రాలు ఉండాలి, అవి మూసుకుపోకుండా కడగాలి. రాయి గీసిన చోట ఉక్కు బయటపడితే జింక్ ప్రైమర్, పైన పెయింటు వెంటనే వేయాలి. తీరప్రాంతాల ఉప్పుగాలిలో ఈ నిర్లక్ష్యానికి ఒక వానాకాలమే చాలు.

ఇంటి వద్ద చేయకూడని పని

ఛాసిస్‌కు వెల్డింగ్ చేసే రకం రైళ్లు ఇంటి పని కిందకు రావు. వేడి తగిలిన చోట ఉక్కు గుణం మారుతుంది. దగ్గరలోనే ఇంధన గొట్టాలు, మండే స్వభావం ఉన్న పూతలు ఉంటాయి. బ్యాటరీ తీగలు తీయకుండా వెల్డింగ్ చేస్తే ఎలక్ట్రానిక్ కంట్రోలు యూనిట్లు కాలిపోవచ్చు. బోల్టు రకాన్నయితే రేపు తీసేయవచ్చు, వెల్డింగ్‌ను వెనక్కి తీసుకోలేం. కొత్తగా రంధ్రాలు చేయాల్సి వచ్చినా, తుప్పు పట్టి ఛాసిస్ పొరలు ఊడుతున్నా, బ్రాకెట్ దారికి బ్రేక్ గొట్టం అడ్డొచ్చినా అనుభవం ఉన్న వర్క్‌షాపుకు అప్పగించాలి.

సైడ్ రైల్స్ రోడ్డు ప్రమాదాల నుంచి కాపాడే సాధనం కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అవి నెమ్మదిగా, నడక వేగంతో రాళ్లు దాటే వాహనపు గడపను మాత్రమే కాపాడతాయి. ఆ పరిమితి తెలిసి, బరువు వెళ్లే దారిని సరిచూసి, జాకీతో పరీక్షించుకున్న యజమానికి రెండు వారాంతాల శ్రమ ఖరీదైన మరమ్మతును తప్పిస్తుంది. నగర రోడ్లు దాటని వాహనానికైతే ఆ 40 కిలోల ఉక్కు అలంకారం మాత్రమే.